గుమ్మం ముందుగా తియ్యకు

చి. పావనికి,

మావయ్య ఆశీస్సులు.

కోట వీధిలో అమ్మమ్మ ఇల్లు పడగొట్టేలోపు కర్ర, పెంకు, ఇటుక నువ్వే దగ్గరుండి విప్పించి, భీమిలి స్థలంలో ఇంటికి వాడుకుంటావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఒక్కళ్లకైనా ఆ బుద్ధి పుట్టిందని పొంగిపోయాను. ఆ వెంటనే "నాలుగు రోజుల పనేట, ఐదో రోజు జేసీబీ వస్తుందిట" అంది. ఇక నిద్ర ఎక్కడిది? నాలుగు రోజుల్లో విప్పేది పెళ్లి పందిరి. ఎనిమిది వందల చదరపు అడుగుల పెంకుటింటికి నలుగురు కూలీలు, ఒక వడ్రంగి, ఒక తాపీమేస్త్రీ ఉంటే పదిహేను రోజులు పడుతుంది. ఈ ఉత్తరం చదవగానే ముందు ఆ జేసీబీ అతనికి ఫోన్ చెయ్యి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి కాగితం చేతిలో ఉండాలి. కరెంటు స్తంభం దగ్గరే తీయించాలి, ఫ్యూజు పీకితే చాలదు. నీళ్ల పైపుకి బిరడా బిగించాలి. అందరికీ హెల్మెట్లు, బూట్లు, చేతికి తొడుగులు కావాలి. చూరులో తేళ్లు, జెర్రులు ఉంటాయి. పడమటి గోడ పక్కింటి వాళ్లతో ఉమ్మడిది. దాన్ని ముట్టుకోకు. దాని పగుళ్లన్నీ పని మొదలెట్టకముందే వాళ్ల ఎదురుగా ఫోటోలు తీయి. పెరట్లో సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, రేకుకి రేకుగా దించాలి. అక్టోబరు, నవంబరుల్లో పెంకు జోలికి పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరినేం చేసిందో నీకు గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నీ దగ్గరికి గుమ్మాలు కొనేవాళ్లు వస్తారు. వీధి గుమ్మం చూసి "రంగూన్ టేకమ్మా" అంటారు, అడ్వాన్సు చేతిలో పెడతారు, రేపే పట్టుకుపోతాం అంటారు. నువ్వు అమ్మకపోయినా, విలువైనది కదా, గుమ్మం ముందే తీసి భద్రం చేద్దామని నీకే అనిపిస్తుంది. ఆ తప్పు ఒకప్పుడు నేనే చేశాను. కథ చెప్పను. ఎవరూ చావలేదు, అంతవరకే. గోడ ఎందుకు కూలిందో మాత్రం చెబుతాను, శ్రద్ధగా చదువు.

ఆ కాలపు గోడ పద్దెనిమిది అంగుళాల మందం. ద్వారబంధం ఐదంగుళాలే, అది గోడ ముందు అంచున కూర్చుంటుంది. మిగతా పదమూడు అంగుళాల మీద గోడని మోసేవి వెనకాల పరిచిన చెక్కలు. వాటి మీద సున్నం పూత ఉంటుంది కాబట్టి ఎలా ఉన్నాయో బయటికి కనపడదు. గోడ తేమ పీల్చి చెదలు ముందు వాటినే తింటాయి. అవి డొల్లబారాక బరువంతా మెల్లగా ముందుకు ఒరిగి, మొయ్యడానికి పెట్టని ద్వారబంధం మీదికి చేరుతుంది. అప్పటినించీ తలుపు నేలకి రాసుకుంటుంది. మనం వానాకాలం కదా, కర్ర ఉబ్బింది అనుకుని తలుపు అడుగున చిత్రిక పడతాం.

ద్వారబంధం లాగేస్తే పైనున్న ఇటుక నిలువునా ఒకేసారి రాదు, త్రికోణంగా జారుతుంది. నాలుగడుగుల గుమ్మం మీద ఆ త్రికోణం ఎత్తు మూడున్నర అడుగులు. గోడ మందం అడుగున్నర. అంటే సుమారు పది ఘనపుటడుగుల గోడ. ఘనపుటడుగు యాభై కిలోల పైమాటే కాబట్టి అర టన్ను దాటింది. అది పడేది గునపం పట్టుకున్న మనిషి మీద. ఆ త్రికోణంలో దూలం చివర కూర్చుని ఉంటే దూలమూ వెంట వస్తుంది.

గుర్తులున్నాయి. గుమ్మం పై మూలల నించి మెట్లు మెట్లుగా పైకి పాకే పగులు ఒకటి. తలుపు ఒక మూల పట్టేయడం ఇంకొకటి. అన్నిటికన్నా నిజం చెప్పేది రంపం. ద్వారబంధం నిలువు కర్ర, అంటే నిలువు కమ్మి, కోస్తుంటే రంపం నొక్కుకుపోయి కదలనంటే, ఆ కర్ర బరువు మోస్తోందన్నమాట. అక్కడితో ఆగి, అందరినీ బయటికి పంపి, సరుగుడు బాదులు రెండు అడుగున పలక వేసి నిలబెట్టి, పైన సందులో చెక్క గసికలు (ఒక పక్క సన్నగా చెక్కిన ముక్కలు) బిగించాలి. రంపం బలంగా లాగితే వస్తుందిలే అనే వడ్రంగిని ఆ పూటే మాన్పించు. వాడెంత మంచివాడైనా సరే.

కాబట్టి వరుస ఇది. కట్టినదానికి తలకిందులు. పెంకు, తరువాత రీపర్లు (పెంకు ఆనే సన్న బద్దలు), వాసాలు, దూలాలు, ఆపైన గోడ వరసకి వరసగా పై నించి కిందికి. గోడ గుమ్మం తలదాకా దిగాక ద్వారబంధం దానంతటదే వదులవుతుంది. పై కమ్మి రెండు చివర్లా గోడలోకి చొచ్చుకున్న కొమ్ములుంటాయి, ఆరేసి అంగుళాలు. గునపంతో పీకేవాళ్లు వాటినే విరగ్గొడతారు. కొత్త గోడ పట్టుకునేది ఆ కొమ్ముల్నే. కదిపే ముందు మూల నించి మూలకి రెండు చెక్క బద్దీలు అడ్డంగా కొట్టించు, లేకపోతే లారీలో నాలుగు మూలల చతురం పోయి వంకరవుతుంది, భీమిలిలో తలుపు కూర్చోదు.

తలుపుల ఇత్తడి మడతబందుల మరమేకులు తొందరపడితే తల అరిగిపోతాయి. పాత బ్లేడుతో గాడిలో రంగు గీకి, సోల్డరింగ్ ఐరన్ మొన ఒక నిమిషం మర తల మీద ఆనించు. ముందు కొంచెం బిగించి, 'టక్' మన్నాక విప్పాలి. ఒక్కో మరకి ఐదు నిమిషాలు పడుతుంది. పట్టనీ. తలుపుల మీది ఆ పచ్చ రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా సాండ్‌పేపర్ పట్టించకు, తడిపి గీకించు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు.

పెంకు రెండు వాలుల నించీ సమంగా దించాలి. ఒక వాలు ఖాళీ చేసి రెండోది వదిలేస్తే బరువంతా ఒక పక్కే ఉండి కప్పు ఒరుగుతుంది. మనం బెంగుళూరు పెంకు అనే ఈ మంగుళూరు పెంకు వంద చదరపు అడుగులకి నూట యాభై దాకా పడుతుంది. ఒక్కోటి వేలితో కొట్టి చూడు. గణగణమంటే ఉంచు, మొద్దుగా పలికితే పగులుంది. పడుకోబెట్టి పేర్చకు, ఇసుక మీద అంచున నిలబెట్టు. కొత్త ఇంట్లో రీపర్ల ఎడం మేస్త్రీ అలవాటుకి వదలకు. మన పెంకులు పదకొండు నేల మీద ఒకదాని కింద ఒకటి తగిలించి, మొదటి పెంకు తల నించి పదకొండో పెంకు తలకి ఒకసారి లాగి, ఒకసారి నొక్కి కొలువు. రెండిటి సగటుని పదితో భాగించు. అదే ఎడం. వంటింటి మీది గూన పెంకులో మాత్రం పదింట మూడు పోతాయనే లెక్క వేసుకో.

దూలాలు గోడలో కూర్చున్న చివర్లే పుచ్చుతాయి. సుత్తితో కొడుతూ, స్క్రూడ్రైవర్ గుచ్చుతూ వెళ్లు. గట్టి చోటు వచ్చేదాకా కోసెయ్. కోశాక మిగిలిందే నీ కొలత. ఎనిమిదంగుళాలు, ఆరంగుళాలు, పన్నెండడుగులు ఉంటే నాలుగు ఘనపుటడుగులు, టేకైతే డెబ్బై కిలోల పైన. కలప అడితికి కోతకి పంపేముందు అయస్కాంతంతో తడిమి ప్రతి మేకూ పీకించు. లోపల విరిగిన మేకు ఒక్కటి మిగిలినా మిల్లు బ్లేడు పోతుంది, డబ్బు నీ దగ్గరే వసూలు చేస్తారు. ప్రతి ముక్కకీ ఆయిలు పెయింటుతో నంబరు వెయ్యి, సుద్ద మంచుకే పోతుంది. నిలవ చేసేప్పుడు నేలకి అడుగెత్తులో, మధ్య మధ్య బద్దీలు పెట్టి, పైన నీడ ఉంచు. ప్లాస్టిక్ పట్టాలో చుట్టావంటే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

ఇటుక సున్నంలో కట్టింది కాబట్టి తాపీ అంచుతో తడితే శుభ్రంగా విడిపోతుంది. కానీ కింది మూడడుగుల ఇటుక వేరుగా పెట్టు. నేల ఉప్పు అందులోకి ఎక్కి ఉంటుంది. ఒక ఇటుకని పళ్లెంలో అంగుళం నీళ్లలో నిలబెట్టి ఆరనీ. తెల్లగా పూస్తే ఆ రాశి తోట గోడకే. భీమిలి బోరు నీళ్లతో ఈ పరీక్ష చేసి ఇటుకని తిట్టకు, ఆ నీళ్లలోనే ఉప్పుంటుంది. వాన నీళ్లు వాడు. మంచి ఇటుక ఒక రోజు నానబెట్టి తూస్తే పొడి బరువులో ఐదో వంతుకి మించి పెరగకూడదు. మూడు కిలోలకి ఆరు వందల గ్రాములు.

పునాది రాయి మన కొండల ఖొండలైటే. కొట్టినప్పుడు పొడి రాలేవి తీసెయ్. వెనక గది స్లాబు ఊచలు పాత ఇనుముకి అమ్మెయ్. సముద్రపు గాలికి తిన్న ఊచని సాపు చేసి మళ్లీ స్లాబులో వెయ్యడం, చెబితే వినని వాళ్ల పని. నువ్వు అలా చెయ్యవని తెలుసు, అయినా రాశాను.

వీధి గుమ్మం గడప మీద మీ అమ్మమ్మ పసుపు పొర పొరలుగా గట్టిపడి ఉంది. పాలిష్ వాడు దాన్ని మురికంటాడు. గడపకి గోనెపట్టా చుట్టి, దాన్ని వదిలి మిగతాది పాలిష్ పట్టమను.

గోడ గుమ్మం తలదాకా దిగిన రోజు నాకు ఫోన్ చెయ్యి. పొద్దున్న ఏడింటికి గాజువాక నించి బయల్దేరతాను. గసికలు నా దగ్గర ఉన్నాయి, కొనకు.

మీ మావయ్య

తా.క. వంటింటి నేలలో పాతిన రుబ్బురోలు మరిచిపోయాను. దాని కింద గునపం దూర్చి ఎత్తితే అంచు పెచ్చు లేస్తుంది. చుట్టూ జానెడు వెడల్పున అడుగు దాకా తవ్వి, తాడు ఉచ్చు వేసి, పక్కకి ఒరిగించి దొర్లించాలి. పొత్రం అటక మీద ఉండాలి, చూడు.