రిబ్ బోటు ట్యూబు పంక్చరైతే మునిగిపోతుందా?

రిబ్ అంటే రిజిడ్ ఇన్‌ఫ్లేటబుల్ బోట్, గట్టి అడుగు చుట్టూ గాలి ట్యూబు బిగించిన బోటు. మీరు అడిగినవి మూడు: గాలి ట్యూబు పంక్చరైతే రిబ్ మునుగుతుందా, గాలి బోటుకు మళ్ళీ కింద గట్టి అడుగు దేనికి, అంత మంచిదైతే వరదల్లో ఎందుకు పెద్దగా కనిపించదు. కాకినాడ దగ్గర సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే రిగ్గులకు సరుకులు చేరవేసే ఓడలో డెక్ మీద పనిచేశాను. మా రెస్క్యూ బోటు రిబ్బే, దాని బాగోగులు చూసింది మేమే.

మునగదు. పైకి ఒకటే ట్యూబులా ఉన్నా లోపల అడ్డుగోడలుంటాయి. ఓడల మీది రెస్క్యూ బోటుకు ఒకే ట్యూబు ఉంటే దాన్ని కనీసం 5 గదులు చేయాలని అంతర్జాతీయ నిబంధన. ఒక గది పోతే ఆ పక్క అంచు వాలిపోయి ఒళ్ళంతా తడుస్తుంది, అంతే.

అసలు పరిగెత్తేది అడుగే. ఫైబర్‌తోనో అల్యూమినియంతోనో చేసిన వీ ఆకారపు అడుగు అలను చీల్చుకుంటూ పోతుంది. స్పీడు అందుకున్నాక ట్యూబులు నీటికి దాదాపు తగలవు. గట్టిగా మలుపు తిప్పినప్పుడో, అల పక్కనుంచి కొట్టినప్పుడో ఆ వైపు ట్యూబు నీళ్ళలో ఆనుకుని బోటును తిరగబడనివ్వదు. ఇది 1960లలో వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీలో పుట్టింది. అక్కడి గాలి బోట్ల అడుగు బట్ట చిరిగిపోతుంటే, హెడ్మాస్టర్ డెస్మండ్ హోర్, విద్యార్థులు కలిసి ట్యూబుల కింద ప్లైవుడ్ అంటించి చూశారు. బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ 1972లో వాడకంలోకి తెచ్చిన బోటుకు అట్లాంటిక్ 21 అన్న పేరు ఆ కాలేజీ వల్లే వచ్చింది.

ట్యూబుతో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. నీళ్ళలో పడ్డ మనిషిని దాని మీదుగా లోపలికి లాగితే పక్కటెముకలు ఒరుసుకోవు. ఓడ పక్కకు ఆనించినా ఇనుముకు ఇనుము కొట్టుకోదు.

మన ఎండలతోనే తలనొప్పి. ట్యూబులో ఉండే గాలి ఒత్తిడి సుమారు 3 పీఎస్ఐ, కారు టైరులో పదోవంతు. మధ్యాహ్నం డెక్ మీద ఉన్నప్పుడు బొటనవేలితో ఎంత నొక్కినా దిగదు. నీళ్ళలోకి దించిన కాసేపటికే లోపలి గాలి చల్లబడి, అదే ట్యూబు మెత్తగా సొట్టపడుతుంది. దాన్ని లీకని కంగారుపడకండి. ఫుట్ పంపుతో కొట్టి, మళ్ళీ ఎండలోకి వచ్చాక కాస్త వదిలేయాలి. కొనే ఆలోచన ఉంటే ఖరీదెక్కువైనా హైపలాన్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) ట్యూబులే తీసుకోండి, పీవీసీ ఎండకు త్వరగా పాడవుతుంది. సెకండ్‌హ్యాండ్ అయితే ఇంజన్ బిగించే వెనక పలక దగ్గర అతుకులు ముందు చూడండి.

ఇక వరదలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వీధుల్లో తిరగాల్సింది మడిచి లారీలో వేసుకుని రాగల మామూలు గాలి బోట్లే. రిబ్ మడతపడదు, దాని వీ అడుగుకు లోతు కావాలి. నీళ్ళ కింద స్కూటర్లు, గేట్లు, తెగిన కేబుల్ వైర్లు ఉంటాయి. వైరు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇంజన్ పైకెత్తి, నడుంలోతు నీళ్ళలో దిగి తోసుకుపోవాల్సిందే. చిన్న గాలి బోటైతే ఇద్దరు ముగ్గురు తోస్తారు. మా రిబ్‌ను క్రేన్ లేకుండా కదిపినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.