మీ ప్రశ్న, మా జవాబు: సీసం మందం పెంచితే ఎక్స్‌రే మసక పోతుందా?

ప్రశ్న: బయోమెడికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఎక్స్‌రే యంత్రానికి గట్టి కొలిమేటర్ (కిరణాలు పడే జాగాను సీసపు షట్టర్లతో హద్దులో పెట్టే పెట్టె) డిజైన్ చేయడం మా ప్రాజెక్టు. షట్టర్లకు 2 మిల్లీమీటర్ల సీసం బదులు 4 మిల్లీమీటర్లది వేస్తే స్కాటర్ (చెదిరిన కిరణాలు) ఇంకా తగ్గుతుందా? మా గైడ్ గారేమో "మందం సంగతి తర్వాత, ముందు కీళ్లు చూడు" అంటున్నారు. ఎందుకో అర్థం కాలేదు.

జవాబు: మీ గైడ్ గారు అసలు కిటుకు చెప్పేశారండీ, మీరే పట్టుకోలేదు. స్కాటర్ పుట్టేది కొలిమేటర్‌లో కాదు, ముందు పడుకున్న మనిషి ఒంట్లో. ఒంట్లోకి వెళ్లిన కిరణం అక్కడి ఎలక్ట్రాన్‌ను ఢీకొని దారి తప్పుతుంది (దీని లెక్క 1923లో ఆర్థర్ కాంప్టన్ తేల్చాడు), తప్పినది డిటెక్టర్ (బొమ్మ పట్టే పలక) మీద ఎక్కడ పడితే అక్కడ పడి బొమ్మంతా బూడిద చల్లినట్టు చేస్తుంది. లావుపాటి పొట్టకు ఎక్స్‌రే తీస్తే, గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే సీసపు పట్టీల జల్లెడ) లేకపోతే, తిన్నగా వచ్చిన కిరణాల కన్నా ఇలా చెదిరి వచ్చినవే ఎక్కువ. కొలిమేటర్ చేసే పనల్లా అవసరం లేని చోట కిరణం పడకుండా చూడడం. 35 × 43 సెంటీమీటర్ల మేర తెరిచినదాన్ని 20 × 20కి మూస్తే కిరణాలు పడే జాగా దాదాపు నాలుగో వంతుకు దిగిపోతుంది. కిరణమే పడని కండ నుంచి స్కాటర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ పనికి 2 మిల్లీమీటర్ల సీసం బాగానే సరిపోతుంది. ట్యూబ్‌కు ఇచ్చే వోల్టేజీ 100 కేవీ (కిలోవోల్టులు) దగ్గర రమారమి పావు మిల్లీమీటరు సీసమే కిరణాలను సగానికి కోస్తుంది, అలా సగంలో సగం, అందులో సగం అనుకుంటూ పోతే 2 మిల్లీమీటర్లు దాటి బయటికొచ్చేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. 4 వేస్తే మీకు దక్కేది రెట్టింపు బరువు, అంతే. ఆ బరువుకు పిన్నులు అరిగి, షట్టర్ లూజవుతుంది. షట్టర్ ఫోకస్ (ట్యూబ్‌లో కిరణాలు పుట్టే చుక్క) నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండి ఒక్క మిల్లీమీటరు జారిందనుకోండి, మీటరు దూరంలో ఉన్న డిటెక్టర్ మీద ఆ అంచు 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. గైడ్ గారు కీళ్లు చూడమన్నది ఇందుకే.

పైగా సీసం ఒట్టి మెత్తటిది, గోరుతో గీస్తే గీత పడుతుంది, ఏళ్ల తరబడి వేలాడదీస్తే తన బరువుకు తానే సాగుతుంది. అందుకే కాస్త ఆంటిమొనీ కలిపి గట్టిపరచిన సీసం తీసుకోండి, దానికి వెనుక స్టీలు రేకు దన్ను పెట్టండి. బరువంతా ఆ రేకు మొయ్యాలి, సీసం కిరణాలను ఆపితే చాలు. ఇంకో మాట, షట్టర్లు ఒకే వరస పెట్టి ఊరుకోవద్దు. ఆనోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు తగిలి కిరణాలు పుట్టే లోహపు ముక్క) మీద పడిన ఎలక్ట్రాన్లలో కొన్ని ఎగిరి పక్కన ఎక్కడో పడి అక్కడా కిరణాలు పుట్టిస్తాయి, ఆ దొంగ కిరణాలను పట్టాలంటే ట్యూబ్ కిటికీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పైన ఇంకో చిన్న షట్టర్ల వరస ఉండాలి.

అందరూ మరిచిపోయేది అద్దం. కొలిమేటర్ లోపల బల్బు వెలుగును కిందికి తిప్పి, కిరణాలు ఎక్కడ పడతాయో చూపించేది అదే. అది ఒక్క డిగ్రీ వాలితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది, మీటరు దూరంలో వెలుగు అంచు సెంటీమీటరు పైచిలుకు తప్పినా తప్పుతుంది. వెలుగుకూ కిరణాలకూ మధ్య తేడా ఫోకస్ దూరంలో 2 శాతం దాటకూడదన్నది మామూలుగా పాటించే హద్దు, అంటే మీటరుకు 2 సెంటీమీటర్లు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒకచోట అంచు కుదరక సగం రోజు షట్టర్లు విప్పి బిగించి, విప్పి బిగించి, చివరికి చూస్తే అంతకు ముందురోజు మార్చిన బల్బు హోల్డర్‌లో సరిగ్గా కూర్చోలేదు! అప్పటి నుంచి ముందు బల్బు చూస్తాను.

మీరు చేసిన నమూనాకు పరీక్ష సులువే. వెలుగు వేసి, నాలుగు అంచుల దగ్గరా రెండేసి నాణేలు పెట్టండి, ఒకటి లోపల, ఒకటి బయట, రెండూ తగిలే చోట వెలుగు అంచు ఉండాలి. ఒక ఎక్స్‌పోజర్ ఇచ్చి బొమ్మ చూడండి. బయటి నాణెం కనిపించినా, లోపలి నాణెం కోసుకుపోయినా ఎంత తప్పిందో నాణెం వెడల్పుతోనే తెలిసిపోతుంది. తర్వాత నాబ్‌లు కొన్ని వేల సార్లు తిప్పించి మళ్లీ అదే పరీక్ష చేయండి. కొత్తగా ఉన్నప్పుడు ఏ కొలిమేటరైనా బాగానే ఉంటుంది లెండి.

ప్రశ్న: గ్రిడ్ ఉంది కదా, ఇంకా కొలిమేటర్ మూయడం ఎందుకని మా సీనియర్ టెక్నీషియన్ అంటారు. నిజమేనా?

జవాబు: కాదు. గ్రిడ్ వచ్చేది రోగి తర్వాత. 1913లో జర్మనీలో గుస్తావ్ బకీ సన్నని సీసపు పట్టీలతో అది కట్టాడు, ఆ పట్టీల గీతలు బొమ్మ మీద పడుతుంటే అమెరికాలో హోలిస్ పాటర్ గ్రిడ్‌నే కదిలించి గీతలు మాయం చేశాడు. మనం ఇప్పటికీ "బకీ" అంటున్నది ఆ పేరే. కానీ గ్రిడ్ మంచి కిరణాలను కూడా కొన్ని మింగుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచక తప్పదు, రోగికి డోసు పెరుగుతుంది. కొలిమేటర్ మూస్తే ఒంటికి అందే మొత్తం తగ్గుతుంది. ముందు మూయండి, ఆ తర్వాతే గ్రిడ్.

గ్రిడ్‌కూ నాజూకు ఎక్కువే. పట్టీ ఎత్తు 1.5 మిల్లీమీటర్లు, సందు 0.15 మిల్లీమీటర్లు, అంటే నిష్పత్తి 10. పట్టీ పై అంచు 0.015 మిల్లీమీటరు ఒరిగిందా, పదో వంతు సందు మూసుకున్నట్టే. పట్టీలన్నీ మీటరు దూరంలోని ఫోకస్ వైపు చూసే అదే గ్రిడ్‌ను ట్యూబ్ నడిమి గీతకు 2.5 సెంటీమీటర్లు పక్కకు పెడితే మంచి కిరణాల్లో నాలుగో వంతు పోతుంది. బొమ్మ వెలవెలబోయిందని కేవీ పెంచే ముందు, సెంటరింగ్ చూసుకోండి.

ప్రశ్న: టంగ్‌స్టన్ గ్రిడ్లను త్రీడీ ప్రింటింగ్‌లో చేస్తున్నారట. సీసం ఉండగా ఎందుకింత శ్రమ?

జవాబు: సీటీ స్కాన్ కోసం. సీటీలో డిటెక్టర్, దాని ముందున్న గ్రిడ్ రోగి చుట్టూ తిరుగుతాయి. అర మీటరు వ్యాసార్థంలో 0.3 సెకనుకు ఒక చుట్టు చొప్పున లెక్క వేయండి, భూమ్యాకర్షణకు 22 రెట్ల బలం బయటికి లాగుతుంది. పలచటి సీసపు గోడ దానికి వంగిపోతుంది. టంగ్‌స్టన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.25 గ్రాములు, సీసానిది 11.34, కాబట్టి గోడ ఇంకా సన్నగా పెట్టుకోవచ్చు, అది గట్టిది కూడా. చిక్కల్లా దాన్ని కరిగించి పోయడంలోనే, 3,422 డిగ్రీల దాకా కరగదు. అందుకే పొడిని పొర పొరగా పరిచి లేజర్‌తో అతికిస్తారు. ప్రతి గోడా ఫోకస్ వైపే చూడాలి కాబట్టి ఏ రెండు గోడల వాలూ ఒకటి కాదు, ఇలాంటివి కోసి చేయడం నరకం, ప్రింటర్‌కు మాత్రం అన్నీ ఒకటే. గోడలు గరుకుగా వస్తాయి, లోపల చిన్న చిన్న రంధ్రాలు మిగిలిపోతాయి. వాటితోనే ఇంకా కుస్తీ పడుతున్నారు.