రెండు తరగతులు ఒకే గదిలో: ఇంగ్లండులోని నార్ఫోక్ పల్లె బడికి కొత్తగా వచ్చిన ఒక తల్లికి

సెప్టెంబరులో మీ పాప ఇయర్ టూలోకి, అంటే ఆరేడేళ్ళ పిల్లల తరగతిలోకి వెళ్ళాలి. అయితే వేసవి సెలవులకు ముందు బడి పంపిన న్యూస్‌లెటర్‌లో, వచ్చే ఏడాది ఇయర్ వన్, ఇయర్ టూ పిల్లలను కలిపి ఒకే తరగతిగా నడుపుతామని రాశారు. ఇయర్ వన్ ముగించిన పిల్లను మళ్ళీ చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెడుతున్నారంటే చదువులో వెనకబడిందని అర్థమా, లేక మనం కొత్తవాళ్ళం కనుక అడిగేవారు లేరనుకున్నారా అని, పాపను పట్టణం బడికి మార్చే ఆలోచనలో ఉన్న మీరు ఆవేదనతో అడిగారు. రెండూ కావమ్మా. ఈ దేశం వచ్చి ఏడాదైనా నిండని వాళ్ళకు ఇలాంటి అనుమానం రావడం సహజమే. నేను ఇదే నార్ఫోక్‌లో ఒక పల్లెలో పిల్లవాణ్ణి పెంచి, తర్వాత ఆ ఊరి బడి పాలకమండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిగా కూర్చుని, ఇలాంటి తరగతులు ఎందుకు ఏర్పడతాయో, లోపల ఏం జరుగుతుందో దగ్గరనుంచి చూశాను కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ఇంగ్లండులో పిల్లలు ఏ ఇయర్‌లో ఉంటారన్నది పుట్టిన తేదీని బట్టి తేలిపోతుంది. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్ళందరూ ఒక ఇయర్. ఫెయిలై అదే తరగతి మళ్ళీ చదవడమన్నది ఇక్కడి ప్రాథమిక బడుల్లో మామూలుగా లేదు. గదిని ఎవరితో పంచుకున్నా రిజిస్టరులో మీ పాప ఇయర్ టూయే. ఏడాది చివర వచ్చే రిపోర్టూ ఇయర్ టూ ప్రమాణాలతోనే వస్తుంది. పరీక్షలు కూడా అంతే. జూన్‌లో జరిగే ఫోనిక్స్ పరీక్ష, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదివే పరీక్ష, ఇయర్ వన్ వాళ్ళకు. అందులో 40 మాటలు చదివిస్తారు, సగం నిజమైనవి, సగం అర్థం లేనివి. ఎక్కాల పరీక్ష ఇయర్ ఫోర్‌లో. 25 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఆరు సెకన్లు. ఇయర్ సిక్స్ మే నెలలో సాట్స్, అంటే ఇంగ్లీషు, లెక్కల జాతీయ పరీక్షలు. కలిసిన తరగతిలో ఉన్నంత మాత్రాన ఇవేవీ ముందుకూ జరగవు, వెనక్కూ జరగవు.

కలపడానికి కారణం డబ్బు, దానితో పాటు ఒక చట్టం. ప్రభుత్వ నిధులు ప్రధానంగా పిల్లల సంఖ్యను బట్టి వస్తాయి. రిసెప్షన్ (ఇయర్ వన్‌కు ముందు తరగతి), ఇయర్ వన్, ఇయర్ టూ తరగతుల్లో ఒక టీచరుకు 30 మంది పిల్లలకు మించి ఉండరాదని 1998 నాటి చట్టం చెబుతుంది. మీ ఊరిలాంటి చోట ఏడాదికి 15 మందిని చేర్చుకునే బడి ఉందనుకోండి. 15 మందికి ఒక టీచరును పెట్టి జీతమిచ్చే స్తోమత దానికి ఉండదు, రెండు ఇయర్లు కలిపితే సరిగ్గా 30 అవుతారు. ఏడాదికి 45 మందిని చేర్చుకునే బడిలోనైతే రెండు ఇయర్ల 90 మంది మూడు గదుల్లోకి పంపిణీ అవుతారు. మధ్య గదిలో రెండు ఇయర్ల వాళ్ళూ ఉంటారు. ఆ మధ్య గదిలోకి ఎవరిని పంపాలన్నది కొన్ని బడులు వయసును బట్టి, కొన్ని స్నేహాలను బట్టి, కొన్ని పిల్లల అవసరాలను బట్టి నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయం హెడ్ టీచరుది. బడిలో సీటు ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు గానీ, ఏ గదిలో కూర్చోబెట్టారన్న దానిపై అప్పీలు లేదు. మిగతా నిబంధనలు కౌన్సిల్ వెబ్‌సైటులో ఉన్నాయి, తీరికగా చూసుకోండి.

ఇక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. పాలకమండలి తరఫున ఒక ఉదయం నేను అలాంటి తరగతిలో చివరి కుర్చీలో కూర్చున్నాను. చరిత్ర పాఠం, 1666లో లండన్ నగరాన్ని కాల్చేసిన మంటల గురించి. పిల్లలందరూ కార్పెట్ మీద కలిసి కూర్చుని కథ విన్నారు. తర్వాత బల్లల దగ్గరకు వెళ్ళాక పని వేరైంది. చిన్నవాళ్ళు రొట్టెల దుకాణం, గాలి, నది, కాలిన ఇళ్ళు బొమ్మలను జరిగిన వరసలో అంటించి కింద ఒక్కొక్క వాక్యం రాశారు. పెద్దవాళ్ళు మంట అంత వేగంగా ఎందుకు పాకిందో కారణాలతో రాశారు: ఇళ్ళు చెక్కవి, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఎండాకాలం వానలు లేవు, గాలి బలంగా వీచింది. ఇయర్ వన్ పిల్లవాడొకడు తన వాక్యం ముగించి పక్క బల్ల మీది కారణాలను తొంగి చూసి, టీచరు చెప్పకుండానే తన కాగితం మీద ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి రెండో వాక్యం రాశాడు. టీచరు వాణ్ణి ఆపలేదు. లెక్కలకు మాత్రం టీచరు ఒక ఇయర్‌కు, టీచింగ్ అసిస్టెంట్ మరొక ఇయర్‌కు వేరువేరుగా కూర్చున్నారు. ఫోనిక్స్‌కు ఇయర్‌తో పనే లేదు. ఎవరు ఏ శబ్దాల దగ్గర ఉన్నారో ఆ గుంపులో కూర్చుంటారు.

చరిత్ర, భూగోళం, సైన్సు లాంటి పాఠాలు రెండేళ్ళ చక్రంలో తిరుగుతాయి. ఒక ఏడాది పాఠాలను సైకిల్ ఏ అనీ, మరుసటి ఏడాది పాఠాలను సైకిల్ బి అనీ అంటారు. ఆ గదిలో రెండేళ్ళు ఉన్న పిల్ల రెండూ చదువుతుంది, ముందు వెనకలు మాత్రమే తేడా. మీరు చక్రం మధ్యలో బడి మారారు కనుక ఒక అంశం రెండోసారి రావచ్చు, ఒకటి తప్పిపోవచ్చు. మీరు బడిని పట్టుకుని అడగవలసింది ఇదీ, గది గురించి కాదు.

మనకు ఈ భయం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మన ఊళ్ళల్లో ఏకోపాధ్యాయ పాఠశాల అంటే ఒక్క పంతులుగారు, అయిదు తరగతులు. ఆయన సెలవు పెడితే బడికి తాళం. స్తోమత ఉన్నవాళ్ళు పిల్లలను అక్కడినుంచి తీసి కాన్వెంటుకు పంపేవారు. ఆ జ్ఞాపకంతో వచ్చిన వాళ్ళకు తరగతులు కలిపారన్న మాట వినగానే గుండె జారుతుంది. నిజానికి ఇదే పద్ధతిని ఆలోచించి, పట్టుదలతో చేసిన వాళ్ళు మన దగ్గరే ఉన్నారు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్ళు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం కార్డులతో, మెట్టు మెట్టుగా, రకరకాల వయసుల పిల్లలు ఒకే గదిలో ఎవరి వేగంతో వాళ్ళు చదువుకునే విధానం తయారుచేశారు. అది ఇతర రాష్ట్రాలకూ వెళ్ళింది. తరగతులు కలపడం ఒక్కటే చెడ్డ చదువుకు గుర్తు కాదు.

అయినా నేను కూడా వచ్చిన కొత్తలో మీరు ఆలోచిస్తున్న పనే చేశాను, దాని ఫలితం మీరు తెలుసుకోవాలి. మా అబ్బాయిని కలిసిన తరగతిలో వేశారని తెలియగానే, ఊరి బడి మాన్పించి, కారులో అరగంట దూరంలో ఉన్న పట్టణంలో, ప్రతి ఇయర్‌కూ వేరే గది ఉన్న బడిలో చేర్చాం. మావారికి ఆసుపత్రి డ్యూటీలు. దింపడం, తీసుకురావడం నా పని. కారు ఎక్కడో దూరంగా ఆపి, పిల్లవాణ్ణి గేటు దగ్గర వదిలి, పార్కింగు సమయం అయిపోతుందని పరుగెత్తి వచ్చేదాన్ని. ఎవరి ముఖమూ గుర్తుండేది కాదు. ఆ బడిలో కూడా ఒక్కొక్క గదిలో 30 మంది. చదవడంలో, లెక్కల్లో వాళ్ళూ గుంపులు గుంపులుగానే కూర్చునేవారు. ఏ చదువు కోసం అంత దూరం వెళ్ళామో ఆ చదువు ఊరి బడిలోనే ఉంది.

పోయింది మాత్రం ఊరు. శనివారాలు పచ్చిక మైదానంలో పిల్లలు ఆడుకుంటుంటే మావాడు సైకిలు పట్టుకుని గట్టున నిలబడేవాడు. బడి విరామంలో వాళ్ళు తయారుచేసుకున్న ఆట అది. దాని నియమాలు వీడికి తెలియవు, అడగడానికి వాళ్ళ పేర్లూ తెలియవు. పుట్టినరోజుకు పట్టణం పిల్లలను పిలిస్తే దూరమని ఎవరూ రాలేదు. నారిచ్ నగరంలో ఉన్న మన తెలుగు కుటుంబాలు పాపం వచ్చి ఇల్లు నింపారు గానీ, వాడి తరగతి నుంచి ఒక్కరైనా లేరని వాడికి తెలుసు. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. మావారికి రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో సాయంత్రం నుంచి మరునాటి పొద్దున దాకా నేను, వాడు తప్ప ఆ ఇంట్లో మాట వినిపించేది కాదు. చదువు వెనకబడితే ట్యూషన్ పెట్టించవచ్చు. ఊళ్ళో ఎవరికీ తెలియని తల్లీకొడుకులుగా గడిపిన ఆ చలికాలానికి ఏం పెట్టించగలం? తిరిగి ఊరి బడికి వద్దామంటే ఆ గదిలో 30 మందీ నిండి ఉన్నారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, ఒక కుటుంబం ఊరు వదిలి వెళ్ళేదాకా ఆగవలసి వచ్చింది.

అందుకే కలిసిన తరగతి గురించి నేను మొదట చూసేది స్నేహాలనే. మీ పాప ఇయర్‌లో ఆడపిల్లలు అయిదారుగురే ఉన్నారని రాశారు. వాళ్ళ స్నేహాలు రిసెప్షన్ నుంచే జతలు జతలుగా గట్టిపడి ఉంటాయి. మధ్యలో వచ్చిన పిల్లకు ఆ జతల్లో చోటు దొరకడం కష్టం. రెండు ఇయర్లు కలిస్తే ఆ సంఖ్య రెట్టింపు అవుతుంది. పైగా చిన్నవాళ్ళకు మీ పాప కొత్త పిల్ల కాదు, పెద్ద తరగతి అక్క. భాష ఇంకా తడబడుతున్న పిల్లకు ఆ పెద్దరికం ఎంత ధైర్యమిస్తుందో నేను కళ్ళారా చూశాను. ఇందులో ఒక కష్టమూ ఉంది. వచ్చే జులైలో ఇయర్ టూ వాళ్ళు పై గదికి వెళ్తారు, చిన్న స్నేహితులు వెనక ఉండిపోతారు. ఆ సంగతి పాపకు జూన్ నుంచే చెబుతూ ఉండండి, పైకి వెళ్ళే పిల్లల్లో ఒకరిద్దరిని అప్పటికే ఇంటికి పిలుస్తూ ఉండండి.

తల్లికీ ఇది వర్తిస్తుంది. రెండు ఇయర్ల తల్లులు ఒకే తలుపు దగ్గర నిలబడతారు. అక్కడ ఫోను చూస్తూ నిలబడకండి. మనవాళ్ళు చాలామంది అదే చేస్తారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు పలకరించరని నిష్ఠూరమాడతారు.

న్యూస్‌లెటర్‌ను కూడా ఈ దృష్టితోనే చదవండి. మా రోజుల్లో అది బుక్ బ్యాగు అడుగున నలిగిన కాగితంగా వచ్చేది, ఇప్పుడు ఫోనుకు వస్తుంది; చదవని వాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వ్యాయామం (పీఈ) ఉండే రోజులు, లైబ్రరీ పుస్తకం మార్చే రోజు, టర్మ్ మధ్యలో వచ్చే హాఫ్ టర్మ్ సెలవుల తేదీలు, టీచర్ల శిక్షణ కోసం పిల్లలకు మాత్రం సెలవైన ఇన్‌సెట్ డే, ఇవి క్యాలెండరులో రాసుకుంటే సరిపోతుంది. నట్స్, అంటే పల్లీలు, జీడిపప్పు లాంటివి తేవద్దన్న వాక్యం ఉంటే దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయకండి: పల్లీ చట్నీ, పల్లీ చిక్కీ, నువ్వుల పొడి చల్లిన ఇడ్లీ డబ్బాలో పెట్టేముందు ఆఫీసులో అడగండి, ఎలర్జీ ఉన్న పిల్లకు అది ప్రాణాంతకం. రిసెప్షన్ నుంచి ఇయర్ టూ వరకు బడి భోజనం అందరికీ ఉచితం, శాకాహారం కావాలంటే చెప్పుకోవచ్చు. పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని తినే ఆ అరగంట కోసమైనా మీ పాపను బడి భోజనానికే పంపమంటాను.

మీరు వెతకవలసిన వాక్యాలు న్యూస్‌లెటర్ చివర ఉంటాయి: పీటీఏకు, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సంఘానికి సాయం చేసేవారు కావాలి, పిల్లల చేత చదివించడానికి పెద్దవాళ్ళు కావాలి, హార్వెస్ట్ ఫెస్టివల్‌కు ఇంట్లోవాళ్ళు రావచ్చు. నేను తిరిగి వచ్చిన ఏడాది, వాడిన యూనిఫారాలు అమ్మే బల్ల చూసుకునే మనిషి కావాలని రాస్తే పేరిచ్చాను. పిల్లలు ఎదుగుతారు, స్వెటర్లు పోతాయి. కాబట్టి ఊళ్ళో ప్రతి తల్లీ ఏదో ఒక రోజు ఆ బల్ల దగ్గరకు రాక తప్పదు. కొలత అడుగుతూ, పేరు అడుగుతూ, వాళ్ళ పిల్ల ఏ గదిలో ఉందో అడుగుతూ ఒక్క టర్మ్‌లో నేను ఆ ఊరి మనిషినయ్యాను. ఈనాడు ఆ ఊళ్ళో ఏ తలుపైనా తట్టగలను. ఈ దేశంలో నేను సాధించిన వాటిలో దీన్నే పెద్దదిగా లెక్కపెట్టుకుంటాను.

సంక్రాంతికి టర్మ్ మధ్యలో ఇండియా వెళ్దామనుకుంటున్నామని రాశారు. అనుమతి లేకుండా అయిదు రోజుల బడి పోతే, 2024 ఆగస్టు నుంచి ఒక్కొక్క పిల్లకు తల్లికి 80, తండ్రికి 80 పౌండ్లు జరిమానా వేయవచ్చు. 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. అంతకన్నా నాకు బాధ కలిగించేది, జనవరిలో మళ్ళీ గుంపులు కట్టే సమయానికి మీ పాప అక్కడ ఉండకపోవడం. వేసవిలోనే వెళ్ళండి, టికెట్టు ప్రియమైనా సరే.

సెప్టెంబరులో తల్లిదండ్రులకు టీచరుతో పరిచయ సమావేశం ఉంటుంది. ఈ ఏడాది సైకిల్ ఏ నడుస్తుందా, బి నడుస్తుందా, పాత బడిలో మా పాప ఈ అంశాలు చదివింది, ఏం తప్పిపోతుంది అని అడగండి. లెక్కలు ఎవరు చెబుతారో అడగండి. బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చుంటుందో, విరామంలో ఎవరితో ఆడుతుందో ఒక వారం గమనించి చెప్పమని మర్యాదగా కోరండి. మంచి టీచర్లు తప్పకుండా చెబుతారు. ఆ పేర్లు రాసుకుని, ఆ పిల్లల తల్లులను గేటు దగ్గర మీరే ముందు పలకరించి, హాఫ్ టర్మ్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఇంటికి రమ్మనండి. పిల్లలు ఏం తింటారో, దేనికి ఎలర్జీ ఉందో అప్పుడే అడిగి తెలుసుకోండి. సమావేశం నాడు మీవారికి డ్యూటీ పడితే వాయిదా వేయకుండా మీరొక్కరే వెళ్ళండి, పాపను వెంట తీసుకురావచ్చా అని ముందుగా ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.