ఫుల్లరీన్ (కార్బన్ పరమాణువులు బోలు బంతిలా అల్లుకున్న అణువు) పంజరం ఆకారం రసాయన చర్యలో నిజంగా మారుతుందా, బయట పరమాణువుల గుంపులు అతుక్కోవడమేనా?

రెండూ జరుగుతాయి. ఎక్కువసార్లు జరిగేది మాత్రం అతుక్కోవడమే.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ప్రాటో చర్య చేశాను, అంటే ఫుల్లరీన్ బంతికి బయట నైట్రోజన్ ఉన్న చిన్న వలయాన్ని అతికించడం. సి60ని (60 కార్బన్ల ఫుల్లరీన్) టాలుయీన్ అనే ద్రావణిలో కరిగిస్తే చక్కటి వంగపండు రంగు వస్తుంది. ఆ వలయానికి ముడిసరుకులైన సార్కోసిన్, పారాఫార్మాల్డిహైడ్ వేసి రిఫ్లక్స్ పెడితే (ఆవిరి చల్లబడి తిరిగి పడేలా మరిగిస్తే) రెండు గంటల్లో ఆ రంగు పోయి గోధుమ రంగుకి తిరిగింది. తొందరగా అయిపోతుందని సార్కోసిన్ ఎక్కువ వేయడం నా తప్పు. మిశ్రమాన్ని విడదీసే కాలమ్‌లో (పొడి నింపిన గాజు గొట్టంలో) ముందు మిగిలిపోయిన సి60 ఊదాగా దిగింది, వెనక ఒక గోధుమ పట్టీ, దాని వెనక ఎంతకీ విడిపోని మసక పట్టీ. ఒకే రకం గుంపు బంతికి రెండుసార్లు, రెండు చోట్ల అతుక్కుంటే 8 ఐసోమర్లు (అవే పరమాణువులు, వేరే అమరికలు) సాధ్యం మరి!

ఇందులో పంజరం తెగదు. 12 పంచభుజులు, 20 షడ్భుజులు అలాగే ఉంటాయి. రెండు షడ్భుజుల మధ్య బంధం పొట్టిది, సుమారు 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), ద్విబంధ లక్షణం ఎక్కువ. చర్య జరిగేది అక్కడే. బల్లపరుపుగా ఉండాల్సిన కార్బన్లు బంతి మీద వంగి, బిగిసి ఉంటాయి. నాలుగో బంధం దొరకగానే ఆ బిగువు సడలి కాస్త బయటికి పొడుచుకొస్తాయి.

పంజరాన్ని తెరవాలంటే బంధాలను వరుసగా తెంచాలి. కొమాత్సు, మురాతా బృందం 2005లో సి60కి కన్నం చేసి, లోపలికి హైడ్రోజన్ అణువును పంపి, మళ్ళీ మూసేసింది. 2011లో నీటి అణువునీ అలాగే లోపల పెట్టారు. దీన్ని అణు శస్త్రచికిత్స అనడం ఊరికే కాదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది క్లోరినేషన్, అంటే పంజరానికి క్లోరిన్లు తగిలించడం. లోహ క్లోరైడ్లతో బాగా వేడి చేస్తే సి76లో విడివిడిగా ఉన్న పంచభుజులు పక్కపక్కకి వచ్చేస్తాయి. సి86 అయితే రెండు కార్బన్లు పోగొట్టుకుని సప్తభుజి ఉన్న సి84 క్లోరైడ్‌గా మారుతుంది. మామూలుగా నిలవని ఆ కూర్పును బయట తగులుకున్న క్లోరిన్లే నిలబెడతాయి.

మీ నమూనా ఏ రకమో రంగు చూసి చెప్పలేరు. యూవీ-విజిబుల్ వర్ణపటంలో (ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గీతలో) 430 నానోమీటర్ల దగ్గర చిన్న మొన కనిపిస్తే షడ్భుజుల మధ్య బంధం మీద ఒకే గుంపు చేరిందనుకోవచ్చు. నా మొదటి గోధుమ పట్టీలో అది కనిపించింది. ఆ మసక పట్టీని మాత్రం సీసాలోనే వదిలేశాను.