లైసెన్స్ ఉంది, గన్ బయటికి కనిపించదు. ‘వద్దు’ అని బోర్డు పెట్టిన షాపులోకి వెళ్లొచ్చా?

మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డ్ వచ్చింది, హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవడానికి టెక్సస్ ఇచ్చే ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) తీసుకున్నారు. కొన్ని షాపుల తలుపు మీద తుపాకీ బొమ్మకు ఎర్ర గీత కొట్టిన స్టిక్కర్ ఉంటోంది, చొక్కా కింద ఉన్నది ఎవరికీ తెలియదు కదా, లోపలికి వెళ్తే తప్పేంటి అని అడిగారు. నాకూ ఎల్‌టీసీ ఉంది. పైగా ఇటువైపే ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో భాగస్వామిని, కాబట్టి ఈ విషయం కస్టమర్‌గానూ తెలుసు, యజమానిగానూ తెలుసు. నేనైతే వెళ్లొద్దనే చెబుతాను.

ముందు చట్టం. లైసెన్స్ క్లాసులో మీకు 30.06, 30.07 అనే టెక్సస్ నేర చట్టం సెక్షన్ల నంబర్లు చెప్పే ఉంటారు. మొదటిది దాచి పెట్టుకున్న హ్యాండ్‌గన్ గురించి, రెండోది బయటికి కనిపించేలా పెట్టుకున్న దాని గురించి. 30.06 బోర్డు చెల్లాలంటే చట్టంలో ఉన్న వాక్యమే ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు ఉండాలి, రంగు కొట్టొచ్చినట్టు కనపడాలి. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటిన చాలామంది లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకోవచ్చు కాబట్టి, వాళ్లను వద్దనడానికి 30.05 బోర్డు కూడా వచ్చింది. అందుకే కొన్ని షాపుల తలుపులు అచ్చం నోటీసు బోర్డుల్లా కనిపిస్తాయి.

ఉత్త బొమ్మ స్టిక్కర్ చూసి లోపలికి వెళ్లిన లైసెన్స్‌దారు మీద 30.06 కేసు నిలవదన్న మాట నిజమే. కానీ యజమానిగానీ అక్కడ పనిచేసేవాళ్లుగానీ ‘దయచేసి బయటికి వెళ్లండి’ అని నోటితో అన్నారంటే లెక్క మారిపోతుంది. చెల్లే 30.06 బోర్డును కాదని వెళ్తే క్లాస్ సి నేరం, 200 డాలర్ల వరకు జరిమానా. నోటితో చెప్పాక కూడా కదలకపోతే క్లాస్ ఎ, అంటే ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. ఆ శిక్ష పడితే ఐదేళ్లపాటు లైసెన్స్‌కు అర్హత ఉండదు. అమ్మకాల్లో 51 శాతం లేదా అంతకు మించి అక్కడే తాగే మద్యం మీద వచ్చే బార్ల ముందు ఎర్రగా ‘51%’ అని ఉంటుంది. అక్కడ వాదనలే లేవు, గన్‌తో లోపలికి వెళ్తే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం.

గ్రీన్ కార్డ్ ఉన్న మనలాంటివాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, మీకు ఇంత పెద్ద జవాబు రాయడానికి అసలు కారణం అదే. తుపాకీని చట్టానికి విరుద్ధంగా దగ్గర పెట్టుకున్నందుకో వెంట తీసుకెళ్లినందుకో శిక్ష పడితే, మనిషిని దేశం నుంచి పంపించేయడానికి దాన్ని ఒక కారణంగా ఇమ్మిగ్రేషన్ చట్టం విడిగా రాసిపెట్టింది. పక్కింటి అమెరికన్‌కు 200 డాలర్లతో పోయే గొడవ మీకు అంతటితో పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జరిమానా కట్టేసి వచ్చేయడం కాదు, ఏ కాగితం మీద సంతకం పెట్టే ముందైనా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. అలాగే హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న స్నేహితులకు సరదాకి కూడా మీ గన్ చేతికివ్వకండి. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. తెలిసి ఇచ్చినవాళ్లకూ నేరమే. 15 ఏళ్ల వరకు జైలు.

ఇక ‘ఎవరికీ కనిపించదు’ అనే మాట. ‘వద్దు’ అని బోర్డు పెట్టిన మా స్టోర్‌లో ఒక శనివారం సాయంత్రం ఒకాయన కింది అరలోంచి సోనా మసూరి బస్తా ఎత్తడానికి వంగారు. చొక్కా పైకి జరిగింది, నడుం దగ్గర గన్ బయటపడింది. వెనకే ఉన్న ఆవిడ పిల్లాణ్ని లాక్కుని, సామాన్ల బండి అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయింది. కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ చేస్తున్న అమ్మాయికి చేతులు వణికాయి. నేను దగ్గరికెళ్లి, ‘అన్నా, అది కార్లో పెట్టి రండి, మీ సామాన్లు నేను పక్కన ఉంచుతా’ అన్నాను. ఆయన మర్యాదస్తుడు, ఒక్క మాట అనకుండా వెళ్లి పెట్టి వచ్చారు. కానీ ఆ అమ్మాయి ఆ రోజు మళ్లీ కౌంటర్‌లో నిలబడలేకపోయింది. చూసేవాళ్లకు మీరు మంచివాళ్లో కాదో ఎలా తెలుస్తుంది? డాలస్ దగ్గరి అలెన్‌లో ఒక మాల్‌లో 2023 మే 6న జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో మన తెలుగమ్మాయి ఉంది. ఇక్కడి మనవాళ్లలో ఆ భయం ఇంకా పోలేదు.

ఆ భయంతోనే మీరు గన్ కొన్నారని కూడా నాకు తెలుసు. 1991 అక్టోబర్ 16న టెక్సస్‌లోనే కిలీన్ ఊళ్లో లూబీస్ కెఫెటేరియాలో ఒకడు 23 మందిని కాల్చి చంపాడు. అక్కడే తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న సుజానా హప్ గన్ దాచిపెట్టుకుని తిరగనివ్వని అప్పటి చట్టానికి లోబడి తన రివాల్వర్‌ను కార్లోనే వదిలి వెళ్లారు. ఆమె పోరాటం వల్లే 1995లో గన్ వెంట పెట్టుకునే లైసెన్స్ చట్టానికి ఊపు వచ్చింది. ఆమె బాధను కాదనే హక్కు నాకు లేదు. అయితే అదే టెక్సస్ తన ఆవరణలోకి ఏది రావాలో తేల్చుకునే హక్కును యజమానికీ ఇచ్చింది. బోర్డు నచ్చకపోతే వేరే షాపుకు వెళ్లండి, లేదా మేనేజర్‌తో మాట్లాడండి. మాకలా చెప్పినవాళ్లున్నారు, మేం విన్నాం, బోర్డు మాత్రం తీయలేదు.

కార్లో పెట్టాలంటే చిన్న లాక్‌బాక్స్ కొని, కేబుల్‌తో సీటు కింద కట్టేయండి. ఇంటి దగ్గరే, బయల్దేరే ముందే అందులో పెట్టండి. పార్కింగ్‌లో నలుగురూ చూస్తుండగా నడుం నుంచి తీస్తే దొంగకు దారి చూపించినట్టే. ఆఫీసుకైతే, 2011లో వచ్చిన టెక్సస్ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న ఉద్యోగి తాళం వేసిన తన కార్లో గన్ ఉంచుకోవడాన్ని చాలా కంపెనీలు ఆపలేవు, బిల్డింగ్ లోపలికి మాత్రం వద్దనగలవు. గుడికి వెళ్లేటప్పుడు కూడా తలుపు దగ్గర చూడండి: 2019 నుంచి బోర్డు లేని ప్రార్థనా స్థలాల్లో లైసెన్స్‌దారులకు అడ్డు లేదు, కానీ కమిటీ నోటీసు పెట్టిందంటే అక్కడా ఇదే లెక్క. వేరే రాష్ట్రానికి వెళ్తే ఇవేవీ వర్తిస్తాయనుకోకండి. ఫ్లోరిడాలో బోర్డుకు దానంతటదే ఇంత బలం లేదు, కానీ వెళ్లమన్నాక గన్‌తో అక్కడే ఉంటే నేరుగా ఫెలనీ.