బంద్‌లో షోరూమ్ అద్దం పగిలితే అది ‘రాజకీయ కేసు’ అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ఒక పార్టీ పిలుపిచ్చిన బంద్‌లో ఊరేగింపుతో వెళ్లాడు. తెరిచి ఉన్న షోరూమ్ మీద కొందరు రాళ్లు వేశారు. లక్షన్నర నష్టమని యజమాని ఫిర్యాదు ఇచ్చారు. మావాడు రాయి వేయలేదంటున్నాడు, కానీ ఎఫ్‌ఐఆర్‌లో వాడి పేరూ ఉంది. ‘ఇది రాజకీయ నిరసన, ప్రభుత్వమే కేసు ఎత్తేస్తుంది’ అంటున్నారు నాయకులు. నమ్మవచ్చా?

జవాబు: ఆ మాట నమ్ముకుని కూర్చోకండి. రాయి వేసినవాడి మనసులో రాజకీయమే ఉండవచ్చు. చట్టం మాత్రం ఎదుటివాడి ఆస్తికి నష్టం కలుగుతుందని తెలిసే చేశాడా అనేది చూస్తుంది. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు. రాయి లేచిన క్షణాన ఆ రక్షణ పోతుంది. నష్టం లక్ష రూపాయలు, ఆపైన ఉంటే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బలవంతపు బంద్ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో తేల్చింది. సుప్రీంకోర్టు అదే ఏడాది సమర్థించింది.

కేసు ఎత్తేయడం మంత్రి సంతకంతో అయ్యే పని కాదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ తానుగా ఆలోచించి పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. 2015లో కేరళ శాసనసభలో బడ్జెట్ రోజున కొందరు సభ్యులు స్పీకర్ వేదికెక్కి కంప్యూటర్లు, మైకులు ధ్వంసం చేశారు. తర్వాత ప్రభుత్వం ఆ కేసు ఉపసంహరించుకోబోతే 2021లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆస్తి ధ్వంసం భావప్రకటన స్వేచ్ఛ కిందికి రాదని చెప్పింది. ఎమ్మెల్యేలకే దొరకని వెసులుబాటు మీవాడికి దొరుకుతుందని ఎలా అనుకోను?

ఇక మీవాడి సంగతి. ఊరేగింపులో నడవడం నేరం కాదు, అందుకు వాణ్ణి తిట్టకండి. అయితే సక్రమంగా మొదలైన గుంపు కూడా దారిలో చట్టవిరుద్ధ సమూహంగా మారవచ్చు. రాళ్లు పడుతున్నాయని తెలిసీ కావాలని అందులోనే ఉంటే, చేతిలో రాయి లేకపోయినా నేరం మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి వాణ్ణి కూర్చోబెట్టి అడగండి: మొదటి రాయి పడ్డప్పుడు ఎక్కడున్నాడు, తర్వాత ఎటు వెళ్లాడు, పక్కన ఎవరున్నారు? పక్కకు తప్పుకుని ఉంటే అదే వాడికి గట్టి ఆధారం.

నాయకులు మీకు చెప్పని మాట ఒకటుంది. ఇలాంటి ధ్వంసంలో నష్టపరిహారం భారం చేసినవాళ్లతో పాటు నిర్వాహకుల మీద కూడా పడుతుందని 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రైవేటు ఆస్తికీ అవి వర్తిస్తాయి. అందుకే మీవాడికి వాళ్ల లాయరు వద్దు, వేరే లాయరును పెట్టుకోండి. ముందస్తు బెయిల్ సంగతి ఆయనతో ఇవాళే మాట్లాడండి. ఫోన్‌లోని వీడియోలు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపనివ్వకండి. ఆ వీధిలోని సీసీటీవీ రికార్డులు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని లాయరు ద్వారా రాతపూర్వకంగా అడగండి.