రాకీకి రిమోట్ కాలర్ కట్టే ముందు

చిరంజీవి సందీప్‌కు మామయ్య ఆశీస్సులు.

మీ కుక్క రాకీ మేకల మంద వెంట పడిందని, నువ్వెంత అరిచినా వెనక్కి రాలేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రిమోట్ కాలర్ కొన్నావట, అదే, చేతిలో రిమోట్ బటన్ నొక్కితే కుక్క మెడకు చిన్న కరెంటు షాక్ తగిలే పట్టీ. ఇంకా మెడకు కట్టకపోయి ఉంటే ముందు ఇది చదువు.

కాలర్ కొత్తగా ఏమీ నేర్పదు. 'రా' అంటే రావాలని రాకీకి ముందే తెలిసుండాలి. పెరట్లో తాడు కట్టి, చికెన్ ముక్క చూపించి పిలిస్తే పదింట తొమ్మిదిసార్లు వస్తోందా? లేదంటే కాలర్ అల్మారాలో పెట్టెయ్, ముందు ఆ పని చూడు. ఆరు నెలలు నిండని పిల్లకైతే అసలు వద్దనే అంటాను. రాకీకి ఏడాదిన్నర కాబట్టి ఫరవాలేదు.

మొదటి వారం పది రోజులు స్విచ్ ఆన్ చెయ్యకుండా ఊరికే కట్టు. అన్నం పెట్టే ముందు, వాకింగ్‌కి తీసుకెళ్లే ముందు కట్టి, అయ్యాక తీసెయ్. మెడ పైభాగంలో, ఒక వేలు దూరేంత బిగువుగా ఉండాలి. లోపలి రెండు పిన్నులూ వెంట్రుకల్లో ఇరుక్కోకుండా చర్మానికి ఆనాలి. వదులుగా ఉంటే ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. తగలడం లేదని మనం లెవెల్ పెంచేస్తాం, ఈలోగా పిన్ను సరిగ్గా ఆనితే పాపం కుయ్యిమంటుంది.

లెవెల్ ఎంతో ముందు నీ చేతి మీద పెట్టుకుని చూడు. తర్వాత ఏ గొడవా లేని చోట రాకీకి కట్టి, సున్నా నుంచి ఒక్కో అంకె పెంచు. ఈగ వాలినట్టు చెవి కదుపుతుంది, లేదా మెడ తిప్పుతుంది. అక్కడ ఆగు. అరిచినా, తోక ముడిచినా ఎక్కువైందన్నమాట, తగ్గించు.

ఇక పదిహేను అడుగుల తాడు కట్టు. బటన్ నొక్కి పట్టుకుని "రాకీ, రా" అంటూ తాడుతో మెల్లగా నీవైపు తిప్పు. అది తిరిగి ఒక్క అడుగు వేసిందో లేదో, బటన్ వదిలెయ్. దగ్గరికొచ్చాక ముక్క పెట్టి నిమురు. ఎప్పుడు వదిలావన్న దాని మీదే అంతా ఉంది సందీప్. నీవైపు అడుగేస్తే మెడ దగ్గర చిమచిమ ఆగిపోతోందని దానికి తెలియాలి. ఆలస్యంగా వదిలితే ఏం చేస్తే ఆగిందో అర్థం కాక టెన్షన్ పడుతుంది. కొన్ని కుక్కలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. పూటకి పది నిమిషాలు చాలు.

మేకలు కనబడగానే నొక్కేద్దామనుకోకు. ఆ బాధ మేకల వల్లే వచ్చిందని అనుకుంటే ఇంకా మీదికి ఉరుకుతుంది. మనుషుల మీదికెళ్లే కుక్కకీ, భయస్తురాలైన కుక్కకీ దీన్ని కట్టకూడదనేది అందుకే. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010 నుంచి ఈ కాలర్లను నిషేధించారు. కోపంతో నొక్కేవాళ్ల చేతిలో ఇది హింసేనని నేనూ ఒప్పుకుంటాను. నీకు కోపమొచ్చిన రోజు రిమోట్ మీ అమ్మకిచ్చి లోపలికెళ్లు.

రాత్రిళ్లు కాలర్ తియ్యి. పగలు కూడా గంటల తరబడి ఉంచితే పిన్నుల దగ్గర పుండ్లు పడతాయి. వానలో తడిస్తే మెడ తుడిచి, ఎర్రబడిందేమో చూడు. మేకల దగ్గర తాడు విప్పే రోజు ముందుగా ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

ఉంటాను,
మామయ్య